సినిమాలో లేని బుడ్డోడు

పోయిన నెలలో ఒక ఆదివారం మా పిల్లవాడు టీవీలో బొమ్మల సినిమా పెట్టుకున్నాడు. నేను వంటింట్లో పోపు వేస్తూ ఒకసారి హాల్లోకి తొంగిచూసి అక్కడే నిలబడిపోయాను. నీలం అంగీ, ఛాతీ మీద పసుప్పచ్చ చుక్క, ఆకాశంలో ఎగిరే పెద్ద మనిషి. ఆయన పక్కన సొట్టపోయిన గిన్నెలాంటి టోపీ పెట్టుకున్న ఒక బుడ్డ పిల్లవాడు. ఆ సినిమా నాకు తెలుసు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా రోజూ బడికి నడుస్తూ నా తోడు పిల్ల నోట విన్నాను. చూడటం మాత్రం అదే మొదటిసారి.

మావాడి పక్కన చతికిలబడ్డాను. "ఆ ఎగిరే ఆయన్ని వదిలెయ్ నాన్నా, ఈ బుడ్డోణ్ణి చూడు. అసలు కథంతా వీడిదే. ఇప్పుడు బావిలో పడతాడు చూడు" అన్నాను. పడలేదు. "అయితే ఇప్పుడు కూలిపోయే వంతెనకు భుజం పెడతాడు." పెట్టలేదు. ఆ పిల్లవాడు ఎగిరే ఆయనకు ఏవో పనిముట్లు అందించాడు, రెండుసార్లు తిట్లు తిన్నాడు, సరైన సమయంలో ఒక మీట నొక్కాడు, ఆఖర్న జనం మధ్య నిలబడి చప్పట్లు కొట్టాడు. సినిమా అయిపోయింది.

"అమ్మా, నువ్వు వేరే సినిమా చెప్తున్నావు" అన్నాడు మావాడు.

పోపు మాడి ఇల్లంతా పొగ. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే కోపం వచ్చింది. అన్నేళ్ళు నా చెవిలో పూలు పెట్టింది కదా అని ఫోను తీసి ఆమెకు చేశాను. అవతల ఎత్తగానే, "ఏమ్మే దొంగా, బుడ్డోడు బాయిలో యాడ పడినాడే?" అని మొదలుపెట్టాను.

అటువైపు నుంచి ఒక ఆడపిల్ల గొంతు, "ఎవురు?" అంది.

"అమ్మకియ్యి పాపా."

"అమ్మ లేదు."

"పనికి పోయిందా?"

"లేదు. అమ్మ సచ్చిపాయ."

పట్నంలో మనం ఈ మాట ఇలా అనం. పోయారంటాం, ఇక లేరంటాం. ఆ పిల్ల అలా అనేసరికి నాకు వాళ్ళమ్మ గొంతే వినపడింది. ఆమె కూడా అంతే, ఏదైనా ఉన్నదున్నట్టు మొహాన చెప్పే మనిషి. ఒక్క సినిమా తప్ప.

ఆమె పేరు నేను ఇక్కడ రాయను. రాసినా మా ఊర్లో ఎవరికీ తెలియదు. ఆమెకు బడిలో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు ఉండేవి. ఊరు ఆ రెండూ వాడలేదు. "శెట్టి పాప తోడు" అనేవాళ్ళు. నేను శెట్టి పాపను. నల్లమాడ దగ్గర మా పల్లెలో మా నాయనది చిల్లర అంగడి. ఆమె వాళ్ళది ఊరి చివర చర్చి పక్క ఇల్లు, అమ్మా నాయనా ఇద్దరూ కూలికి పోయేవాళ్ళు. నాకంటే ఒక ఏడు పెద్దది, కానీ ఒకే తరగతి.

మా పల్లెలో బడి ఐదుతో అయిపోతుంది. ఆ పైన చదవాలంటే నల్లమాడ హైస్కూలుకు గంట నడవాలి. దారి పొడుగునా ఎర్రమట్టి, రాళ్ళగుట్టలు, వాన కోసం నోరు తెరుచుకుని ఉండే శెనక్కాయ చేన్లు, అంతే. ఆడపిల్లను ఒంటరిగా ఆ దారిన పంపరు. పంపాలంటే ఇంకో ఆడపిల్లను తోడు చూడాలి. మా వైపు చాలామంది ఆడపిల్లలు అట్లాగే చదివారు. ఒకతె చదువు కోసం పోతుంది, ఇంకొకతె ఆ ఒకతె కోసం పోతుంది. మా నాయన వాళ్ళ నాయన్ను పిలిచి అడిగాడు. పుస్తకాలూ పెన్నులూ అంగట్లోంచి ఇస్తానన్నాడు. వాళ్ళ నాయన ఒప్పుకున్నాడు గానీ ఆమెకు ఒక మాట తెగేసి చెప్పాడట. "శెట్టి పాప పోయిన దినం నువ్వూ బడికి పో. పాప పోని దినం నాతో చేనికి రా."

అంటే ఆమె చదువు నా కాళ్ళ మీద నడిచేది. నేను చూస్తే బడంటే ఏడ్చే రకం. పొద్దున లేస్తూనే నాకు కడుపునొప్పి. వాన మొగులు పడితే కడుపునొప్పి, ఎండ కాస్తే తలనొప్పి, లెక్కల పరీక్ష ఉంటే రెండూ. మా అమ్మ సోంపు నీళ్ళు కాచి ఇచ్చి పడుకోబెట్టేది. హైస్కూల్లో చేరిన కొత్తలో ఆమె మా ఇంటి ముందు సంచి భుజానేసుకుని నిలబడి, "పాప ఈపొద్దు రాదు" అని మా అమ్మ చెప్పగానే సంచి ఇంట్లో పెట్టి కలుపు తీయడానికి చేనికి పోయేది. ఎన్ని రోజులు అట్లా పోయిందో లెక్క లేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు వాళ్ళ చర్చికి పాస్టరుగారు ఎక్కడినుంచో తెర, మిషను తెచ్చి పిల్లలకు బొమ్మల సినిమా వేశారు. నాకు పోవాలని ఉండింది. నాయన వద్దన్నాడు. మర్నాడు బడికి పోతూ ఆమె కథ మొదలుపెట్టింది. ఎగిరేటాయన ఒకడున్నాడు, ఆయన వెంట ఒక బుడ్డోడున్నాడు అని. నల్లమాడ వచ్చేసరికి బుడ్డోడు పాడుబడిన బావిలో పడ్డాడు. "మిగతాది రేపు" అంది.

ఆ రేపు నాకు కడుపునొప్పి. ఆమె ఎప్పటిలా గడప బయట, మెట్టు కింద నిలబడింది. మెట్టు ఎక్కేది కాదు, ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అక్కడినుంచే గొంతెత్తి, "పాపా, నిన్న బుడ్డోన్ని బాయిలో ఇడిసిపెట్టి వచ్చినాం. పొద్దంతా నీళ్ళలో నిలబడి ఉండాడు పాపం. వాడు ఎట్ల ఎక్కొచ్చినాడో తెలియద్దా నీకు?" అంది. నేను సోంపు నీళ్ళు పక్కన పెట్టి జడ వేయించుకున్నాను. మా అమ్మ నోరెళ్ళబెట్టింది. "దీని నొప్పికి మందు దాని దగ్గర ఉంది" అని నవ్వింది.

ఆ తర్వాత బుడ్డోడు ఏ సాయంత్రమూ క్షేమంగా ఇల్లు చేరలేదు. రోజూ ఊరు కనపడే వేళకు ఏదో ఒక ఆపదలో ఇరుక్కునేవాడు. పొద్దున్నే పోయి వాణ్ణి విడిపించుకోవాలి.

మా పొలిమేర రాయి దాటేదాకా నేను "పాప"ను. దాటగానే "ఏమ్మే". నా సంచి కూడా తీసుకుని తన సంచి మీద వేసుకునేది. లారీలు వచ్చే వైపు ఆమె, చేను వైపు నేను. కుక్కలకని చేతిలో ఒక కంది కట్టె. కథ మెల్లగా చెప్తున్నంతసేపూ నడిచేది, బిగువు వచ్చిందంటే దారి మధ్యలో ఆగిపోయేది. కట్టె గాల్లో ఎత్తి, కళ్ళు పెద్దవి చేసి, "అప్పుడేమాయ?" అని నన్నే అడిగేది. నేను బిత్తరపోయి చూస్తే మళ్ళీ నడక. ఆమె చెప్పుకు ఎప్పుడూ ఒక పిన్నీసు ఉండేది. బుడ్డోడు పరిగెత్తే సీన్లలో అది ఊడేది. ఒంటికాలి మీద నిలబడి దాన్ని మళ్ళీ గుచ్చుకుంటూ కూడా నోరు ఆపేది కాదు.

మొన్న టీవీలో చూస్తే ఆ సినిమాలో దుర్మార్గుడు ఊరంతటినీ మంచుతో గడ్డకట్టిస్తాడు. ఆమె సినిమాలో వాడు మేఘాలను గోనెసంచిలో మూటగట్టి ఎత్తుకుపోయేవాడు. జనం బోర్లు వేయించి వేయించి అలిసిపోయేవాళ్ళు. ఎగిరేటాయన పెద్ద పెద్ద పనులు చేసేవాడు గానీ మతిమరుపు మనిషి. ఎక్కడికైనా బుడ్డోణ్ణి చంకన పెట్టుకుని ఎగిరిపోయేవాడు, గెలిచిన సంబరంలో వాణ్ణి అక్కడే మరిచిపోయి తిరిగొచ్చేవాడు. బుడ్డోడు నడుచుకుంటూ వచ్చేవాడు.

"వాడు రోజూ నడిచి వస్తాడని ఎగిరే ఆయనకు తెలియదా?" అని అడిగాను ఒకసారి.

"తెలియదు. వీడు చెప్పడు."

"ఎందుకు చెప్పడు?"

"చెప్తే ఆయప్పకు బాధైతాది గదమ్మే. రేపు మనసు పెట్టి ఎగరలేడు."

ఎగిరే ఆయనకు మొహానికి గుడ్డ ఉండేది, బుడ్డోడికి ఉండేది కాదు. ఆమెకు అది పెద్ద విషయం. "మొగానికి గుడ్డ కట్టుకున్నోనికి ఏం భయం? సాయంత్రం విప్పేసి శుభ్రంగా సంగటి తింటాడు. వీన్ని అందురూ గుర్తుపడతారు. తన్నేదంతా వీన్నే తంతారు" అనేది. ఎంత తన్నినా బుడ్డోడు ఎగిరే ఆయన ఇల్లు చెప్పేవాడు కాదు. అట్లాగని ధైర్యవంతుడా అంటే కాదు. వాడికి అన్నీ భయమే. చీకటంటే భయం, నీళ్ళంటే భయం, పోలీసంటే భయం. "నిక్కర్లో ఒంటికి పోసుకున్నాడు మే! అయినా ఆడే నిలబడినాడు, కదల్లే" అని చెప్పేటప్పుడు ఆమెకు ఎంత గర్వమో, సొంత తమ్ముడి గురించి చెప్పినట్టుండేది. నేను నవ్వి నవ్వి రోడ్డు మీద కూలబడేదాన్ని.

ఏడో తరగతిలో మాకు 'నాకు నచ్చిన వీరుడు' అని మాట్లాడే పోటీ పెట్టారు. అందరూ దేశనాయకుల గురించి మాట్లాడితే నేను లేచి బుడ్డోడి గురించి మొదలుపెట్టాను. వంతెన కూలుతుంటే బడిపిల్లలు దాటిందాకా భుజం ఆనించి నిలబడ్డాడని, ఆ భుజం ఇప్పటికీ వంగే ఉందని. ఇద్దరు మగపిల్లలు అరిచారు. "అబద్దం టీచర్! ఆ సినిమా మేం టీవీలో చూసినాం. ఆ పొట్టోడు వంతెన కాడికే రాడు!" క్లాసంతా గొల్లుమంది. నేను వాళ్ళతో కలబడి జుట్టు పీకినంత పని చేశాను. ఆఖరి బెంచీలో ఆమె తల దించుకుని గోరుతో బల్ల గీకుతూ ఉంది.

దారిలో అడిగాను. క్షణం కూడా తడుముకోలేదు. "వాళ్ళు సూసింది టీవీలో. అడ్వటైజులకు తావు కావల్ల గదా, కోసేస్తారు. మాకు చర్చిలో నిండా ఏసినారు" అంది. నేను నమ్మాను. పోయిన నెల ఆ ఆదివారం దాకా నమ్మాను.

ఎనిమిదో తరగతిలో ఒక సాయంత్రం, చెట్టూ పుట్టా లేని ఎర్రనేల మధ్యలో ఉండగా నా పావడా తడిసింది. చూసుకుని చచ్చిపోతున్నాననుకుని ఏడ్చాను. ఆమె తన చున్నీ తీసి నా నడుముకు చుట్టి, "ఏం కాలేదు మే, పెద్దమనిషివైనావు, అంతే" అంది. ఊర్లోకి వచ్చేటప్పుడు చున్నీ లేకుండా నడిచింది. అరుగుల మీద మగవాళ్ళ మాటలన్నీ ఆమే పడింది. మా ఇంటి ముందు మెట్టు కింద నిలబడి మా అమ్మకు చెప్పి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బుడ్డోడి గురించి ఒక్క మాట చెప్పలేదు. అప్పుడు నాకు ఎందుకో అర్థం కాలేదు గానీ, ఆమెకు అప్పటికే తెలుసు. ఇక నన్ను బడి మాన్పిస్తారని, నాతోపాటు తనదీ ముగిసిందని.

నన్ను పక్క గదిలో కూర్చోబెట్టారు. నువ్వులూ బెల్లమూ ఎండుకొబ్బరీ పెట్టారు. పేరంటాళ్ళు పాటలు పాడారు. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళంతా ఒకటే మాట, ఇక బడి చాలు అని. ఆమె చేనికి పోతోందని తెలిసింది. నీళ్ళు పోసి గదిలోంచి బయటికి తెచ్చిన రోజున ఆమె మా అంగడి ముందుకొచ్చింది. నాయన తూకం వేస్తున్నాడు. చుట్టూ నలుగురు మనుషులున్నారు. నేను లోపలి గుమ్మం పరదా వెనక ఉన్నాను.

"శెట్టీ, పాపను బడి మాన్పిస్తాండావంట" అంది.

"అయితే?"

"మాన్పొద్దు."

అంగట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. నాయన తూకం ఆపి చూశాడు. "నీకెందుకే?"

పాప బాగుపడాలనో, చదువు మంచిదనో చెప్తుందని ఎవరైనా అనుకుంటారు. ఆమె అట్లాంటివి చెప్పే రకం కాదు. "పాప పోకుంటే నేను పోయేకి లేదు. నేను పది రాయాల శెట్టీ" అంది.

ఇంకా గట్టిగా నవ్వారు. నాయన నవ్వలేదు. "వయసొచ్చిన పిల్ల. దావలో ఏమన్నా అయితే ఎవురే జవాబు?" అన్నాడు.

"ఏమన్నా అయ్యేదుంటే ముందు నాకైతాది. నన్ను దాటుకుని గదా పాప కాడికి రావాల" అంది. గొంతు తడబడలేదు. కానీ ఆమె పావడా అంచు కదులుతుండటం పరదా సందులోంచి నాకు కనపడింది. గాలి లేదు. మోకాళ్ళు వణుకుతున్నాయి.

"సరే, తొమ్మిది దాకా చూస్తాం" అని నాయన మళ్ళీ తూకం ఎత్తుకున్నాడు.

మర్నాడు పొలిమేర దాటగానే ఆమె చెప్పిన కథలో బుడ్డోడు ఊరి రాజు ముందుకు ఒక్కడే పోయాడు. ఎగిరేటాయన రెక్కలు రాజు కట్టేసి పెట్టాడు. విప్పమని అడగడానికి వేరే ఎవరూ లేరు. "అడిగినాడు మే. అడిగేటప్పుడు నిక్కరు తడిసి కాళ్ళెంబడి కారుతాంది" అంది. నేను ఎప్పటిలాగే పడీ పడీ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ముందురోజు నా కళ్ళారా చూసిన మోకాళ్ళు నాకు గుర్తుకే రాలేదు. ఆ వయసు అట్లాంటిది. ఇప్పుడు గుర్తొస్తే మాత్రం తట్టుకోలేకుండా ఉన్నాను.

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోతుండగా అనంతపురంలోని మా మామ వచ్చి, పది అక్కడ హాస్టల్లో చదివిస్తే మంచి మార్కులొస్తాయని నాయనకు నూరిపోశాడు. ఆమెను కూడా పంపమని నేను అడిగాను. అలిగి అన్నం మానేసి మరీ అడిగాను. నాయన నవ్వాడు. "హాస్టల్లో తోడెందుకే పిచ్చిదానా? గేటుకు తాళం ఉంటాది."

చివరి పరీక్ష రాసి తిరిగొస్తూ ఆమె కథను చకచకా నడిపింది. దుర్మార్గుడు గోనెసంచి మూతి విప్పాడు, మేఘాలు బయటికొచ్చాయి, వాన పడింది, ఎగిరేటాయనకు జనం పూలదండలు వేశారు. ఊరు కనపడే మలుపు దగ్గర "అయిపాయ" అంది.

"మరి బుడ్డోడు?"

"ఊరు బాగుపడినాక ఇంగ వానితో ఏం పని మే?"

"అట్లా కాదు, యాడికి పోయినాడు?"

ఆమె కట్టెతో దారి పక్క రాయిని కొట్టింది. "నాకేం తెలుసు? సినిమాలో సూపీలే" అంది. అన్నేళ్ళలో బుడ్డోడి గురించి ఆమెకు తెలియనిది ఒకటి ఉండటం అదే మొదటిసారి. పొలిమేర రాయి దగ్గర నా సంచి నాకిచ్చి, "పోయిరా పాపా" అంది.

తర్వాత జరిగింది దసరా సెలవులకు పోయినప్పుడు మా అమ్మ చెప్పింది. బళ్ళు తెరిచే ముందు ఆమె ఊర్లో ఆడపిల్లలున్న ఇంటింటికీ తిరిగిందట. "మీ పాపను హైస్కూలుకు పంపుతారా? నేను తోడు పోతా. సంచి నేనే మోస్తా" అని అడిగిందట. కొందరు పంపేది లేదన్నారు. కొందరు ఆ ఇంటి పిల్ల తోడేమిటన్నారు. ఆరో తరగతికి పోయే ఒక పిల్ల కొన్ని రోజులు ఆమెతో నడిచింది. ఆ పిల్లకు నిజంగానే జ్వరమొచ్చి మానేసింది. ఇక కథలు చెప్పి లేపడానికి ఎవరూ మిగల్లేదు. ఆమె పది రాయలేదు.

ఆ పైన ఆమెను ఒక్కసారే చూశాను. నేను డిగ్రీలో ఉన్నాను. కొత్తచెరువు బస్టాండులో ఎవరో వెనకనుంచి నా చేతిలో సంచి లాక్కున్నారు. దొంగేమోనని తిరిగితే ఆమె. చంకలో ఆడపిల్ల, నెత్తిన బియ్యం మూట, ఇప్పుడు నా సంచి కూడా. ఇయ్యమ్మే అంటే ఇవ్వదు. "ఏం సదువుతాండావు?" అని అడిగింది. బీకాం అన్నాను. ఆ మొహం వెలిగిపోయింది. చంకలో పిల్ల గడ్డం పట్టుకుని నా వైపు తిప్పి, "సూడు, ఈ యక్క బీకాం. నేనే బడికి తీసకపోతాంటి" అంది. ఆ గొంతులో ఏ దెప్పిపొడుపూ లేదు, గర్వం తప్ప. నేను అక్కడే ఏడిస్తే బస్టాండులో జనం చూశారు. అప్పటినుంచి క్రిస్మస్‌కు ఆమె ఫోను చేసేది, ఉగాదికి నేను చేసేదాన్ని.

ఆమెను సమాధి చేసి నెల దాటాక నేను పోయాను. కొత్తచెరువు దగ్గర పల్లె. జ్వరమొచ్చిందట. పనికి పోతే తగ్గుతుందని పనికి పోయిందట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చేయి దాటిందన్నారు. ఇంట్లో ఆమె అత్త, తొమ్మిదో తరగతి చదివే కూతురు. భర్త లారీ మీద పోయి వారాల తరబడి రాడు. పొద్దున పది గంటలకు ఆ పిల్ల ఇంట్లోనే ఉంది, గిన్నెలు తోముతోంది.

"నువ్వు శెట్టి పాపవా?" అంది నన్ను చూసి. నెరుస్తున్న వెంట్రుకలతో నేను అవునన్నాను.

"బడి లేదా ఈపొద్దు?" అని అడిగాను. ముసలామె బదులిచ్చింది.

"వాళ్ళమ్మ ఉండగా పొద్దునా సాయంత్రం అదే తోడు పోతాండె తల్లీ. దానికోసం పని కాడ మేస్త్రీతో తిట్లు తింటాండె. ఇప్పుడు ఎవురు పోతారు? నాకు కాళ్ళు రావు. కంకర లారీలు తిరిగే దావ. ఒంటిగా పంపేకి నాకు గుండె చాలదు."

హాస్టల్లో చేర్పిద్దామన్నాను. అక్కడినుంచే తెలిసినవాళ్ళకు ఫోన్లు చేశాను. సీట్లు నిండిపోయాయి, పై ఏడు చూద్దామన్నారు. పై ఏటికి ఈ పిల్ల ఏ చేన్లో ఉంటుందో నాకు తెలుసు. "రేపు నేను తీసుకుపోతాను అవ్వా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ఆ పిల్ల ఇస్త్రీ లేని యూనిఫారం మీద నీళ్ళు చిలకరించి చేత్తో సాపు చేసుకుంది. లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయాక ఆ పిల్లే అడిగింది.

"అమ్మ బాగా సదువుతాండెనా అక్కా?"

"నాకంటే బాగా."

"మరి పది ఎందుకు రాయలే?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"తోడు లేక" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. నా పక్కనే నడిచింది. బడి గేటు దగ్గర పిల్లలు లోపలికి పోతున్నారు. తన సంచి సర్దుకుని, "సాయంత్రం నువ్వే వస్తావా?" అంది.

"నేనే వస్తా."

"రేపు?"

రేపు పొద్దున నాకు బెంగళూరు రైలు. అక్కడ ఉద్యోగం, మావాడి బడి. నేను అది చెప్పేలోపే బెల్లు కొట్టారు.

"సరేలే అక్కా" అని ఆ పిల్ల లోపలికి పోయింది.